ఒకే అడవికి రెండు మ్యాపులు: ఒక కొండ ఊరి సామూహిక అటవీ హక్కుల క్లెయిమ్, కేస్ స్టడీ

ఈ కేసు తూర్పు కనుమల్లో, ఆంధ్రా ఏజెన్సీలో ఉన్న ఒక చిన్న కొండ ఊరిది. ఊరి పేరు రాయట్లేదు, ఎందుకంటే వాళ్ల క్లెయిమ్ ఇంకా ఆఫీసుల్లో నడుస్తోంది, పైగా ఇందులో ఇళ్లల్లో మాట్లాడుకున్న మాటలు కూడా ఉన్నాయి. నేను అటవీ హక్కుల పని మీద ఊళ్లు తిరుగుతుంటాను, గ్రామసభలు పెట్టించడం, మ్యాపులు గీయించడం, ఫారాలు నింపించడం, ఆ తర్వాత ఆ ఫైలు ఎక్కడ ఆగిందో కనుక్కుంటూ తిరగడం, ఇదే నా పని. ఈ ఊళ్లో నేను చేసిన ఒక తప్పు వల్ల నాకు తెలిసొచ్చినవి ఈ పని చేసే మిగతావాళ్లకి ఉపయోగపడతాయని మొత్తం రాస్తున్నా.

ముందు చట్టం సంగతి కొంచెం చెప్పాలి. 2006 అటవీ హక్కుల చట్టం అనగానే ఊళ్లల్లో అందరికీ గుర్తొచ్చేది పోడు పట్టా. "ఆర్ఓఎఫ్ఆర్ పట్టా వచ్చిందా" అని అడుగుతారు (ఈ చట్టానికి ఊళ్లల్లో వాడే పొట్టి పేరు అది), అక్కడితో ఆగిపోతారు. కానీ అదే చట్టంలో సెక్షన్ 3(1)(ఐ) కింద ఊరు ఊరంతా కలిసి, తరతరాలుగా తాము కాపాడుకుంటూ వాడుకుంటున్న అడవిని కాపాడే హక్కు, నిర్వహించుకునే హక్కు అడగొచ్చు. దానికి ఫారం-సి. ఆ ఫారానికి ప్రాణం మ్యాపే. ఏ గట్టు నుంచి ఏ వాగు దాకా మాది, అందులో ఎక్కడ ఏం చేస్తాం అన్నది ఆ మ్యాప్‌లో కనపడాలి. కనపడనిది మళ్లీ అడగడం చాలా కష్టం.

మొదటి మ్యాప్ చింతచెట్టు కింద గీశాం. చెట్టుకి చార్టు కట్టాం, స్కెచ్ పెన్నులు ఇచ్చాం. 2012లో సవరించిన రూల్స్ ప్రకారం గ్రామసభకి సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి, ఆ రోజు అంతకంటే ఎక్కువే వచ్చారు. ఊరి అటవీ హక్కుల కమిటీలో కూడా రూల్ ప్రకారం మూడో వంతు ఆడవాళ్లే. రెండు గంటల్లో మ్యాప్ అయిపోయింది. గట్టు, రెండు వాగులు, దేవుడి కొండ, శ్మశానం, వెదురు కోసే చోటు, జీలుగు చెట్లు, పాత వేట దారులు, పోడు భూములు, అన్నీ వచ్చాయి, ఒక్కో కొండకి ఎంత పాత పేర్లు చెప్పారో, నేనైతే చాలా సంతోషపడ్డాను. తీర్మానం రాశాం, సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాం. కాగితం మీద ఎక్కడా తప్పు లేదు.

సామాను సర్దుకుంటుంటే ఒక పెద్దమ్మ చార్టు దగ్గరికొచ్చి చాలాసేపు చూసింది. ఆమెకి చదువు రాదు, కానీ వాగులు ఏవో గట్టు ఏదో గుర్తుపట్టింది. రెండు వాగుల మధ్య తెల్లగా వదిలేసిన చోట వేలు పెట్టి, "మా గెడ్డల గరువు ఇదే కదమ్మా, దీన్ని రాయలేదేం?" అని అడిగింది. గెడ్డల గరువు అంటే వాళ్లు అడవి గడ్డలు తవ్వుకునే చోటు. నేను పక్కనున్న కమిటీ పెద్దాయన్ని అడిగాను. "అక్కడేముంది మేడం, అన్నీ తుప్పలే" అన్నాడు. ఆయనేం అబద్ధం చెప్పలేదు. ఆయన ఆ చోటుకి వెళ్లే పనే లేదు, దూరం నుంచి చూస్తే అక్కడ కనపడేవి నిజంగా తుప్పలే.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అంతమంది ఆడవాళ్లు వచ్చారు, కూర్చున్నారు, సంతకం పెట్టారు, అయినా వాళ్ల అడవి మ్యాప్‌లోకి రాలేదు. ఎందుకు రాలేదు అని ఆలోచిస్తే కారణాలు చాలా మామూలువి. చార్టు నిలువుగా కట్టాం, నిలబడి గీయాలి, మామలు బావలు ముందు కూర్చున్న చోట కోడళ్లు లేచి వచ్చి నిలబడరు. మేం అడిగిన ప్రశ్న "మీ ఊరి సరిహద్దు ఎక్కడ" అని, ఆ ప్రశ్నకి జవాబు మగవాళ్ల దగ్గరుంటుంది. "రోజూ పొద్దున ఎక్కడికి వెళ్తారు, ఏం తెస్తారు" అని అడగలేదు.

వారం తర్వాత మళ్లీ వెళ్లాను. ఈసారి మీటింగ్ పెట్టలేదు. కట్టెలకి వెళ్లే గుంపుతో తెల్లారకముందే బయల్దేరాను, పదకొండు మంది, అందులో ముసలివాళ్లు ఇద్దరు, పెళ్లై ఏడాది కూడా కాని కొత్త కోడలు ఒకమ్మాయి, మిగతావాళ్లు మధ్య వయసు. చేతిలో జీపీఎస్ పట్టుకుని వాళ్లు ఆగిన చోటల్లా పాయింట్ కొట్టుకుంటూ పోయాను. రెండు పొద్దులు తిరిగాం.

గెడ్డల గరువు దగ్గర అరగంట పైన ఆగాం. బయటి మనిషి కంటికి నిజంగానే అక్కడేం లేదు. పెద్దమ్మ ఒక తుప్ప మీద ఎండిపోయి దారంలా వేలాడుతున్న తీగని రెండు వేళ్ల మధ్య పట్టుకుంది, లాగకుండా, తెగిపోకుండా, అలా వేళ్లు జార్చుకుంటూ కిందికి వెళ్లింది, నేలలోకి ఎక్కడ దిగిందో అక్కడ ఒక ఆకు పెట్టింది గుర్తుకి. తర్వాత చిన్న గునపంతో పక్క నుంచి తవ్వడం మొదలుపెట్టింది, మోచేయి దాకా లోతు, మట్టి చేత్తోనే తోడుతుంది. గడ్డ బయటికొచ్చాక పై భాగం, తీగ మొదలున్న ముక్క, బెత్తెడంత కోసి మళ్లీ గోతిలో పెట్టి మట్టి కప్పి కాలితో మెల్లగా అదిమింది. ఎందుకని అడిగితే "తల వదిలెయ్యాలమ్మా, అది కూడా తినేస్తే వచ్చే ఏడు మళ్లీ ఎక్కడ తవ్వుతాం" అంది. కొత్త కోడలు రెండో గోతిలో తల పెట్టడం మర్చిపోయి లేచింది, వెనకనుంచి ఇంకో అక్క ఏం మాట్లాడకుండా ఆ ముక్క తీసి పెట్టేసింది. ఇది ఎక్కడా రాసిలేదు, ఏ కమిటీ తీర్మానంలోనూ లేదు, కానీ నేను చదివిన ఏ మేనేజ్‌మెంట్ ప్లాన్‌కీ ఇది తీసిపోదు.

అక్కడినుంచి వాగులో ఒక మడుగుకి తీసుకెళ్లారు. చేదు గడ్డని పల్చగా తరిగి, ఉడికించి, బుట్టలో వేసి పారే నీళ్లలో పెట్టాలి, లేకపోతే మత్తు, వాంతులు. ఆ మడుగు మొదటి మ్యాప్‌లో ఉంది, చేపలు పట్టే చోటుగా.

ఇక్కడ రూల్స్ గురించి ఒక మాట, ఈ పని చేసేవాళ్లు తప్పకుండా గమనించండి. రూల్ 13లో సామూహిక క్లెయిమ్‌కి ఏవేవి సాక్ష్యాలుగా పెట్టొచ్చో రాసుంది. పవిత్ర వృక్షాలు, వనాలు, శ్మశానాలు ఉన్నాయి, వాటితోపాటు మేత భూములు, దుంపలు, గడ్డలు, పళ్లు ఏరుకునే చోట్లు, నీటి వనరులు, మందు మొక్కలు సేకరించే ప్రాంతాలు కూడా స్పష్టంగా ఉన్నాయి. చట్టం అడుగుతున్న సాక్ష్యమే ఆడవాళ్ల దగ్గరుంది, అడగనిది మేమే.

ఎందుకు అడగలేదు అంటే, మా ఫారంలో "సాంస్కృతిక ప్రదేశాలు" అని ఒక కాలమ్ ఉంది, దాంట్లో దేవుడి కొండ రాశాం. నిజానికి ఆ కొండ చాలా బాగా ఉంది, పెద్ద పెద్ద చెట్లు, ఎవరూ కొమ్మ విరవరు, ఒక రాయి దాటి ఆడవాళ్లు పైకి వెళ్లకూడదు. గెడ్డల గరువు మీద దేవుడు లేడు, పండగ లేదు, పూజారి లేడు, అందుకని అది సంస్కృతి కింద లెక్కకి రాలేదు, వట్టి పని చేసే చోటు అయిపోయింది. తల వదిలేసి మట్టి కప్పడం కూడా సంస్కృతే కదా, తల్లి కూతురికి నేర్పింది, అత్త కోడలికి నేర్పింది. కానీ దానికి డప్పులు మోగవు కాబట్టి బయటినుంచి వచ్చిన నా లాంటివాళ్లకి కనపడదు. ఈ విషయం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది, ఎందుకంటే అలా వదిలేసిన తెల్లని చోట్లు ఇంకెన్ని ఊళ్ల మ్యాపుల్లో నా చేత్తోనే వదిలేశానో.

ఇది ఒక్క ఊరి అలవాటు మాత్రమే కాదు, దీని వెనక పెద్ద రాజకీయం ఉంది. 1882 మద్రాస్ అటవీ చట్టం నుంచి ఈ కొండల్లో అడవి అంటే ప్రభుత్వం లెక్కలో కలప. కలప కానిదంతా "చిన్న తరహా అటవీ ఉత్పత్తి". ఇంటికి తిండి, వారం వారం సంతకి సరుకు, జ్వరానికి మందు, విస్తరాకు, చీపురు, అన్నీ ఆ "చిన్న" అనే మాటలో పడేశారు, అవన్నీ ఎక్కువగా ఆడవాళ్లు తెచ్చేవే. అడవిలోకి వెళ్లడం మీద, పోడు మీద పెట్టిన ఆంక్షలు 1922 మన్యం తిరుగుబాటుకి ఒక కారణం కూడా, అది అందరం చదువుకున్నదే. 2006 చట్టం ఆ పాత పేరు ఉంచింది కానీ అర్థం మార్చింది, వెదురు, తేనె, తునికాకు, దుంపలు, గడ్డలు అన్నీ అందులో చేర్చి, వాటి మీద సొంత హక్కు, అమ్ముకునే హక్కు ఊరివాళ్లకే ఇచ్చింది.

విస్తరాకులు కుట్టే అడ్డాకు తీగ సంగతి చూడండి. పాత అటవీ శాస్త్రంలో అది కలప చెట్టుకి చుట్టుకుని వంకర చేసే కలుపు, తీగలు నరకడం అనేది ఒక పని కింద ప్లాన్లలోనే ఉండేది. మా నడకలో ఒక వాలు దగ్గర ఒక అక్క ఆగి, "ఇక్కడ చేతికందేంత ఆకు ఉండేది, మేమే నరికాం, కూలి ఇచ్చారు" అంది. ప్లాంటేషన్ పనులు వచ్చినప్పుడు కూలికి తీగలు నరికింది వాళ్లే, తర్వాత ఆకు కోసం ఇంకో గంట పైకి నడవాల్సి వచ్చింది కూడా వాళ్లకే. ఆ రోజు ఎవరైనా "ఈ తీగ ఎవరికి కావాలి" అని అడిగుంటే ఆ వాలు ఇప్పటికీ పచ్చగా ఉండేది.

ఇదంతా చదివి ఆడవాళ్లు పుట్టుకతోనే ప్రకృతికి దగ్గర, అడవిని వాళ్లే కాపాడతారు అనుకుంటే మాత్రం పొరపాటు, ఈ పనిలోకి వచ్చినప్పుడు నేను కూడా అలాగే అనుకునేదాన్ని. ఇదే ఊళ్లో ఇప్ప చెట్ల కింద నిప్పు పెట్టేది ఆడవాళ్లే. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున పూలు రాలతాయి, ఎండుటాకుల్లో పడితే ఏరడం కష్టం, అందుకని ముందే ఆకు కాల్చేస్తారు. నిప్పు ఒక్కోసారి పాకిపోతుంది, చెట్టు కింద లేత మొక్కలన్నీ పోతాయి. అందుకే ఆ ఇప్ప తోపులో ముసలి చెట్లే ఉన్నాయి, కుర్ర చెట్లు దాదాపు లేవు. వాళ్లకి ఇది తెలియక కాదు. పొద్దున నాలుగింటికి లేచి పూలు ఏరి, వచ్చి వంట చేసి, మళ్లీ కూలికి పోవాల్సిన మనిషికి ఆకు ఊడ్చే టైం ఎక్కడిది?

ఉత్తరాఖండ్ నుంచి రెండు ఉదాహరణలు నేను ట్రైనింగ్‌లో ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చెప్తాను. 1974 మార్చి 26న రేణి ఊళ్లో మగవాళ్లు నష్టపరిహారం పని మీద చమోలీ వెళ్లినప్పుడు, గౌరాదేవి ముందుండి 27 మంది ఆడవాళ్లు చెట్లు నరకడానికి వచ్చినవాళ్లని వెనక్కి పంపారు, చెట్లని కాపాడుకున్న చిప్కో ఉద్యమం అంటే అందరికీ గుర్తుండేది అదే. దానికన్నా నాకు ఎక్కువ పనికొచ్చేది 1980లో డుంగ్రీ పైంతోలీలో జరిగింది. అక్కడ ఊరి పెద్దలు, అందరూ మగవాళ్లే, రోడ్డు, స్కూలు, ఆస్పత్రి, కరెంటు వస్తాయంటే ఓక్ అడవి కొట్టేసి బంగాళాదుంప విత్తనాల ఫారం పెట్టడానికి ఒప్పుకున్నారు, ఆడవాళ్లు అడ్డం తిరిగారు, ఎందుకంటే కట్టెలకీ మేతకీ ఇంకా దూరం నడవాల్సింది వాళ్లే. ఒకే ఊరు, ఒకే సంస్కృతి, ఒకే ఇల్లు, అయినా అడవి గురించి భార్యాభర్తల లెక్క వేరు. బీనా అగర్వాల్ అనే ఆర్థికవేత్త ఎప్పటినుంచో చెప్తున్నది ఇదే, ప్రకృతితో ఎవరికి ఎలాంటి సంబంధం అనేది వాళ్లు చేసే పని, వాళ్ల చేతిలో ఉన్న ఆస్తి, వాళ్లకున్న అధికారం బట్టి ఉంటుంది అని. అటవీ కమిటీల మీద ఇండియాలో, నేపాల్‌లో ఆమె చేసిన పరిశోధనలో కమిటీలో ఆడవాళ్లు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటేనే వాళ్ల మాట చెల్లుబాటు అవడం మొదలవుతుందని తేలింది. మా కమిటీలో ఆ సంఖ్య ఉంది. కానీ చార్టు చెట్టుకి కట్టాం.

రెండో గ్రామసభకి చార్టు నేల మీద పరిచాం. గులకరాళ్లు, గింజలు, ఆకులు తెచ్చి పెట్టమన్నాం, కరక్కాయ దొరికే చోట కరక్కాయ, చీపురు కోసే చోట చీపురు పుల్ల. అందరూ చుట్టూ కూర్చోవాల్సి వచ్చింది, ముందు వెనక లేకుండా పోయింది. పది నిమిషాల్లో తెల్ల చోటు నిండిపోయింది. మగవాళ్లలో కొంతమందికి కోపం వచ్చింది, ఒకాయన "ఆడోళ్ల తుప్పలన్నీ రాసుకుంటూ పోతే ఆఫీసులో నవ్వుతారు, అసలు క్లెయిమే కొట్టేస్తారు" అన్నాడు. ఆయన భయం నిజమైనదే, దాన్ని తీసిపారేయలేదు. రూల్ 13 తెలుగులో గట్టిగా చదివి వినిపించాను, దుంపలు, గడ్డలు అన్న మాట వచ్చేసరికి పెద్దమ్మ "మళ్లీ చదువు" అంది. మళ్లీ చదివాను.

అసలు గొడవ సరిహద్దు దగ్గర వచ్చింది. గట్టు అవతల ఊరితో పాత తగాదా ఉంది, మగవాళ్ల మ్యాప్‌లో గట్టు మీద గీత గీసినట్టు ఉంది, ఇటు మాది, అటు వాళ్లది. ఆడవాళ్ల దారులు ఆ గీతని నాలుగైదు చోట్ల దాటాయి. ఎందుకంటే ఈ ఊరి కోడళ్లలో చాలామంది అవతల ఊరి ఆడపిల్లలే, చిన్నప్పుడు వాళ్ల అమ్మతో ఏ వాలు మీద చీపుర్లు కోశారో పెళ్లయ్యాక కూడా అక్కడికే వెళ్తారు, కాకపోతే ఇటువైపు నుంచి ఎక్కుతారు. కొత్త కోడలు ఆ రోజు ఒక్క మాటే అంది, "అది మా అమ్మోళ్ల చీపుర్ల వాలు, నేను దొంగతనంగా ఏం పోవట్లేదు." అంతమంది పెద్దల్లో ఆ పిల్ల నోరు తెరవడమే గొప్ప, కాసేపు ఎవరూ ఏం అనలేకపోయారు. రూల్ 12(3) ప్రకారం రెండు ఊళ్ల సరిహద్దులు ఒకదాని మీద ఒకటి వస్తే రెండు ఊళ్ల హక్కుల కమిటీలు కలిసి కూర్చుని, ఎవరు ఎలా వాడుకుంటున్నారో చూసి రాతపూర్వకంగా ఇవ్వాలి. మామూలుగా ఈ మీటింగులు కొట్లాటతో అయిపోతాయి. ఇక్కడ రెండు వైపులా బంధుత్వం ఉన్న ఆడవాళ్లని ముందు కూర్చోబెట్టాం, మూడోసారి కూర్చున్నప్పుడు గట్టు కింద ఒక పట్టీని ఉమ్మడి వాడకంగా రాసుకున్నారు. గీత గట్టు మీదే ఉంది, కానీ దాని కింద ఇద్దరి సంతకాలున్నాయి.

ఈ కేసులో నాకు బాగా కుదరలేదు అనిపించేవి కూడా చెప్పాలి. మడుగు పేరు, గరువు పేరు ఫారం-సి లో ఎక్కాయి, పెద్దమ్మ వాంగ్మూలం కూడా జత చేశాం, పెద్దల వాంగ్మూలం రాసి పెడితే సాక్ష్యంగా తీసుకోవాలని రూల్‌లోనే ఉంది. కానీ ఆఫీసుకి ఫాలోఅప్‌కి వెళ్లేది మళ్లీ మగవాళ్లే, బస్సు తెల్లవారుజామున ఒకటే, రాత్రి తిరిగి రావడం కుదరకపోతే అక్కడే పడుకోవాలి, ఆడవాళ్లని ఎవరూ పంపరు. రెండుసార్లు ఇద్దరు అక్కలని నాతో తీసుకెళ్లాను, నేను లేనప్పుడు ఎవరూ వెళ్లట్లేదు. అలాగే పోడు పట్టాల్లో చట్టం ప్రకారం భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉన్నాయి, సెక్షన్ 4(4) అది, కానీ ఆ కాగితం పెట్టె తాళం ఎవరి దగ్గరుందో నేను ఈ ఊళ్లో అడిగి చూశాను, ఇద్దరు వితంతువుల ఇళ్లు తప్ప అన్ని చోట్లా మగవాళ్ల దగ్గరే.

క్లెయిమ్ సబ్ డివిజన్ కమిటీలో ఒకసారి వెనక్కి వచ్చింది, మ్యాప్ స్కేలు సరిగ్గా లేదన్నారు, సరిచేసి మళ్లీ ఇచ్చాం. హక్కు పత్రం ఇంకా రాలేదు. ఈలోగా ఊళ్లో కొన్ని మారాయి. అడ్డాకు తీగ నరకకూడదని గ్రామసభ తీర్మానం చేసింది. ఇప్ప తోపులో కొన్ని చెట్ల కింద పాత చీరలు కలిపి కుట్టి పరుస్తున్నారు, నిప్పు పెట్టకుండా, ఊడ్చే పని ఇంట్లో మగపిల్లలకి అప్పజెప్పారు, కొన్ని ఇళ్లల్లో చేస్తున్నారు, కొన్నింట్లో లేదు. మొన్నటి సీజన్‌లో ఒక చెట్టు కింద మోకాలెత్తు మొక్కలు మూడు చూశాను.

ఇప్పుడు వాళ్ల మధ్య నడుస్తున్న వాదన గెడ్డల గరువు గురించే. మ్యాప్‌లోకి వచ్చాక అక్కడికి వెళ్లేవాళ్లు ఎక్కువయ్యారు, తల వదలకుండా తవ్వుతున్న గోతులు కనపడుతున్నాయి, అందుకని రెండేళ్లు ఎవరూ తవ్వకూడదని ఆడవాళ్లే ప్రతిపాదించారు. దాన్ని గట్టిగా వద్దన్నది ఒక ఒంటరి వితంతువు, ఆమెకి పోడు లేదు, వానాకాలం ముందు రెండు నెలలు ఆ గడ్డలే ఆధారం. పెద్దమ్మ మాత్రం "ఆమె ఒక్కతే తవ్వనీ, తల వదలడం ఆమెకి తెలుసు" అంటోంది. మిగతావాళ్లు ఒప్పుకోలేదు, ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారని. వచ్చే నెల గ్రామసభలో అదే అజెండా, చార్టు మళ్లీ నేల మీదే పరుస్తాం.